రెండు గంటల ఇరవై నిమిషాలు

మా షెడ్డులో ఆవిడని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. ముడక్క అంటారు. ముడి వేసే అక్క కాబట్టి ముడి అక్క, నోళ్ళలో నాని నాని ముడక్క అయింది. ఆవిడ వేసేది నిజానికి ముడి కూడా కాదు. ప్లాస్టిక్ సంచి మెడ మెలితిప్పి, మడిచి, దానికి రెండు రబ్బరు బ్యాండ్లు చుట్టడం. ఇదేమైనా బ్రహ్మవిద్యా అని మీరనుకోవచ్చు. చేరిన కొత్తలో నేనూ అలాగే అనుకుని, సరదాకి ఓ సంచి కట్టాను. పెట్టెలో పెట్టకముందే బుస్సుమని గాలి పోయింది. ముడక్క ఆ సంచి నా చేతిలోంచి లాక్కుని, "నీ కాగితాల దగ్గరికి నువ్వు పోవయ్యా తమ్ముడూ" అంది. అప్పట్నుంచి బుద్ధిగా నా కాగితాల దగ్గరే ఉన్నాను.

మేము పంపేది అక్వేరియం చేపలు. గప్పీలు, ఏంజెల్ చేపలు, వేలిగోరంత నియాన్‌లు. పంపే ముందు రెండు రోజులు వాటిని పస్తు పెడతాం. కడుపు నిండిన చేప దారిలో నీళ్ళు పాడుచేసుకుంటుంది. సంచిలో మూడోవంతు నీళ్ళు పోసి, చేపల్ని వదిలి, మిగతాదంతా ఆక్సిజన్ నింపి, మెడ బిగిస్తారు. ఆ క్షణం నుంచి సంచిలో ఉన్న గాలే ఆ చేపల ఆస్తి. అది అయిపోయేలోగా అవతల ఎవరో ఒకరు విప్పాలి.

ఆ ఎవరో ఒకరు ముడక్క సొంత చెల్లెలే. సముద్రం అవతల, మా సరుకు కొనే కంపెనీలో ఆవిడ పని. ఇక్కడ అక్క కడుతుంది, అక్కడ చెల్లెలు విప్పుతుంది. వారానికి మూడుసార్లు, ఇరవై రెండేళ్ళుగా. అక్కాచెల్లెళ్ళు కలిసి కాపురం చేసినట్టే ఉండేది ఈ వ్యవహారం, మధ్యలో సముద్రం ఒక్కటే అడ్డం.

షెడ్డు గోడకి రెండు గడియారాలుండేవి. ఒకటి మనది. రెండోది గంట ముందు నడుస్తుంది, చెల్లెలి ఊరి టైము. చెల్లెలు పెళ్ళి చేసుకుని వెళ్ళిన వారంలోనే ముడక్క దాన్ని కొనితెచ్చి తగిలించిందట. థర్మాకోల్ పెట్టె మూత మీద 'ముడి 7.00' అని మార్కరుతో రాసేది, చెల్లెలి గడియారం ప్రకారమే, దానికి లెక్క కట్టుకునే బాధ ఎందుకని. అవతల చెల్లెలు ఆ అంకె కిందే 'విప్పింది 8.30' అనీ, దాని కింద చనిపోయినవి ఎన్నో, అదీ రాసి, మూతని ఫోటో తీసి పంపేది. మామూలుగా సున్నా. ఒకటి రెండు ఉంటే ముడక్కకి ఆ పూట ముద్ద దిగేది కాదు.

సరుకుతో పంపే నా కాగితాల్లో 'అంచనా ప్రయాణ కాలం' అని ఒక గడి ఉంటుంది. పద్నాలుగేళ్ళుగా అందులో రెండు గంటల ఇరవై నిమిషాలు అని రాస్తున్నాను. రాసినప్పుడల్లా ముడక్క నా భుజం మీంచి తొంగిచూసి, "రాయి రాయి. అబద్ధాలు రాసి రాసి నీ చెయ్యి అరిగిపోతుంది" అనేది.

ఆవిడ లెక్క వేరు. పొద్దున ఆరింటికి ముడి. ఎనిమిదింటికి లారీ. తొమ్మిదింటికి విమానాశ్రయం గోదాములో తూకం. ఒంటిగంట పదికి విమానం. అది గాల్లో ఉండేది రెండు గంటల ఇరవై నిమిషాలే, కాదనలేం. కానీ దిగాక కస్టమ్స్ ఉంది, చేపల డాక్టరు ముద్ర ఉంది, వ్యాను ఉంది, నది దాటడానికి పడవ ఉంది. చెల్లెలు కత్తెర పట్టుకునేసరికి పదమూడున్నర గంటలు. "విమానం టైము విమానానిది. చేప టైము చేపది. రెండూ ఒకటనుకున్నవాడు ఈ పనికి పనికిరాడు" అనేది. అలా అని పదమూడున్నరకి కట్టేది కూడా కాదు. దారిలో ఏ తేడా అయినా రావచ్చని ముప్ఫై గంటలకి సరిపడా గాలి పెట్టి కట్టేది.

ఇంత చెప్పి ఇంకో సంగతి దాచితే బాగుండదు. నేను చెప్పే కథ జరిగేనాటికి అక్కాచెల్లెళ్ళు మాట్లాడుకుని తొమ్మిదేళ్ళయింది. మూతల మీద అంకెలు తప్ప ఇద్దరి మధ్యా ఒక్క పలకరింపు లేదు.

తొమ్మిదేళ్ళ కిందట వాళ్ళ అమ్మ పోయింది. మంచాన పడి చాలా రోజులైంది, ఆ పొద్దున కూడా ముడక్క వచ్చి ముడులు వేసి, లారీ ఎక్కించి ఇంటికి వెళ్ళింది. పదకొండున్నరకి ప్రాణం పోయింది. వెంటనే చెల్లెలికి ఫోను చేసింది. రేపు పొద్దున తొమ్మిదింటికి తీసుకెళ్తాం, ఆలోగా వచ్చెయ్ అంది. చెల్లెలు రాలేదు. రాత్రంతా వాకిట్లో కుర్చీ వేసుకుని ముడక్క ఎదురుచూసింది. మర్నాడు కార్యక్రమం అయ్యాక చెల్లెలి దగ్గర్నుంచి ఒక్క ముక్క వచ్చింది: 'రాలేకపోయాను అక్కా.' ఆ మధ్యాహ్నమే మూత ఫోటో కూడా వచ్చింది. ముడి 7.00. విప్పింది, మర్నాడు 1.20. చనిపోయినవి పదకొండు.

పదకొండు అనేది ఆ రోజుదాకా ఆ మూతల మీద ఎవరూ చూడని అంకె. నాలుగో రోజు పనిలోకి వచ్చిన ముడక్క కొత్త పెట్టె మూత మీద ముడి టైము రాసి, పక్కనే 'పదకొండు ఎందుకు?' అని రాసింది. దానికి జవాబు రాలేదు. అంతే, అక్కడితో మాటలు తెగిపోయాయి.

తర్వాత ఎవరైనా చెల్లెలి ఊసెత్తితే ముడక్క మొహం మాడ్చుకుని ఒకటే మాట అనేది. "రెండు గంటల ఇరవై నిమిషాలు. అంతే కదా దూరం? కన్నతల్లి పోతే రెండు గంటల ఇరవై నిమిషాలు రాలేకపోయింది. పోనీ ఇల్లు కదల్లేదు, ఆ చేపల్నైనా టైముకి విప్పిందా? అదీ లేదు." ఆవిడ అలా అంటున్నప్పుడు నేను నోరు మూసుకుని కాగితాలు సర్దుకునేవాణ్ణి. నిజం చెప్పొద్దూ, నాకూ న్యాయంగానే తోచేది.

ఇక మా చిన్న యజమాని సంగతి. పెద్దాయన మోకాళ్ళ నొప్పులతో ఇంటిపట్టున కూర్చున్నాక కొడుకు పగ్గాలు పట్టాడు. చెడ్డవాడు కాదు, ఏదో ఒకటి మార్చకపోతే నిద్రపట్టని రకం. మొదట కుర్చీలు మార్చాడు. తర్వాత టీ టైము మార్చాడు. ఆ తర్వాత ఓ పొద్దున చేతిలో ఒక కాగితంతో షెడ్డులోకి వచ్చాడు. ఇంటర్నెట్టులో దొరికిందట, ప్రింటు తీయించాడు. పైన ఆగ్నేయాసియా విమాన దూరాలు అని ఉంది. మా విమానాశ్రయానికీ చెల్లెలి ఊరి విమానాశ్రయానికీ మధ్య దూరం వెయ్యిన్నీ నాలుగువందల ఎనభై కిలోమీటర్లు. ప్రయాణ కాలం రెండు గంటల ఇరవై నిమిషాలు.

"అక్కా, ఇది చూడండి. దారి రెండు గంటల ఇరవై. మీరేమో ముప్ఫై గంటలకి కడుతున్నారు. మనం చేపల్ని పంపుతున్నామా, నీళ్ళని పంపుతున్నామా? బరువంతా నీళ్ళదే. పోనీ మూడింతలు వేసుకుందాం, ఏడు గంటలకి కట్టండి. నీళ్ళు సగం, చేపలు రెట్టింపు."

ముడక్క చేతిలో ఉన్న సంచి కట్టడం పూర్తి చేసి, వేలితో దాన్ని ఒకసారి మీటి, పెట్టెలో పెట్టి అప్పుడు తలెత్తింది. "బాబూ, ఈ కాగితం రాసినవాడు విమానం ఎక్కినవాడి కోసం రాశాడు. చేప కోసం రాయలేదు. అలా కడితే సగానికి సగం దారిలోనే పోతాయి."

"కట్టి చూస్తే కదా తెలిసేది."

"చంపి చూస్తే అనండి."

చిన్న యజమాని ఏ మాట అనకూడదో సరిగ్గా ఆ మాటే అన్నాడు. "సరే, కట్టామే అనుకోండి. అవతల విప్పి లెక్క చెప్పేది మీ చెల్లెలే. చచ్చినవెన్నో ఆవిడ రాసిందే రాత. మీ పక్షాన ఓ పది ఎక్కువ రాస్తే నాకెలా తెలుస్తుంది?"

తొమ్మిదేళ్ళుగా చెల్లెల్ని దుమ్మెత్తిపోస్తున్న మనిషి, చెయ్యి తుడుచుకుని లేచి నిలబడింది.

"మా చెల్లెలు లెక్క తప్పు రాయదు. నా తల తీసి అక్కడ పెట్టినా, ఒకటి ఉంటే ఒకటే రాస్తుంది."

"అయితే మీరే వెళ్ళి చూసి రండి. మీరు చెప్పండి, మీ మాట నేను నమ్ముతాను. టికెట్ నేను తీయిస్తాను."

"వెళ్తాను" అంది ముడక్క. అనేశాక తానేమన్నదో తనకి తెలిసొచ్చినట్టుంది, మెల్లిగా స్టూలు మీద కూర్చుంది. నా వైపు చూసింది. నేను గోడ మీది రెండో గడియారం వైపు చూశాను.

ఇరవై పెట్టెలు చిన్న యజమాని లెక్కన కడదామన్నారు మొదట. ముడక్క ఒప్పుకోలేదు. పందెం కోసం అన్ని ప్రాణాలు తీయనంది. చివరికి రెండు పెట్టెలకి బేరం కుదిరింది. ఆ రెండూ వేరే ఎవరి చేతా కట్టనివ్వలేదు, తనే కట్టింది. "పాపం నాదే అయినప్పుడు ముడైనా సరిగా ఉండాలి" అంది. కట్టేటప్పుడు ఆవిడ పెదాలు కదులుతున్నాయి. చేపలకి ఏం చెప్పుకుందో నేనడగలేదు.

ఇక్కణ్ణుంచి ఆవిడ చెప్పగా విన్నది. ఒక్కసారిగా చెప్పలేదు. టీ తాగుతూ ఒక ముక్క, పెట్టెలకి టేపు వేస్తూ ఒక ముక్క, అలా రెండు వారాలపాటు చెప్పింది.

ఇరవై రెండేళ్ళలో కొన్ని లక్షల చేపల్ని విమానం ఎక్కించిన మనిషి, తాను ఎక్కడం అదే మొదలు. కిటికీ పక్క సీటు. కింద ఏముందో చూడలేదట. కాళ్ళ కింద ఎక్కడో తన పెట్టెలున్నాయని తెలుసు కాబట్టి, కాళ్ళు నేలకి ఆనించడానికి మనసొప్పక కాసేపు ఎత్తి పట్టుకుని కూర్చుందట. పక్కసీటాయన ఏమనుకున్నాడో పాపం. మధ్యలో తినడానికి ఏదో ఇచ్చారు. తినేసరికే దిగుతున్నామన్నారు. చేతి గడియారం చూసుకుంది. సరిగ్గా రెండు గంటల ఇరవై ఒక్క నిమిషం. "ఇంతేనా అనిపించింది తమ్ముడూ. ఇంత దగ్గరా అనుకున్నా. మళ్ళీ ఒళ్ళు మండిపోయింది."

చెల్లెలికి వస్తున్నట్టు నేనే కబురు పెట్టాను, విమానం నంబరుతో సహా. ముడక్క సంచి పట్టుకుని బయటికొచ్చింది. గుమ్మం దగ్గర జనం, చేతుల్లో పేర్ల అట్టలు, కౌగిలింతలు. చెల్లెలు లేదు. అరగంట చూసింది. అమ్మ పోయిన రాత్రి వాకిట్లో కూర్చున్నదే గుర్తొచ్చిందట. తల కొట్టేసినట్టయింది. అదే కాళ్ళతో వెనక్కి వెళ్ళిపోదామనుకుంది. కానీ చిన్న యజమానికి చేపల లెక్క చెప్పాలి కదా. ఎవరినో అడిగి, ఎండలో నడుచుకుంటూ భవనం వెనకున్న సరుకుల గోదాముకి వెళ్ళింది.

అక్కడుంది చెల్లెలు. ఇనుప గేటు పక్కన బోర్లించిన పెట్టె మీద కూర్చుని, లోపల దింపుతున్న సరుకు వైపు మెడ సాచి చూస్తోంది. జుట్టు నెరిసింది. పక్కన ఒక పాత టార్పాలిన్ మడత. అక్కని చూసి లేచింది.

"అటువైపు రావాలనే అనుకున్నానక్కా" అంది చెల్లెలు. "సరిగ్గా అప్పుడే పెట్టెలు దింపుతున్నారు. ఎవరూ లేకపోతే వీళ్ళు ఎండలోనే వదిలేస్తారు. నువ్వు నీడలోనే ఉంటావు కదా అని..."

"ప్రతిసారీ వస్తావా ఇక్కడికి?"

"మరి. నీ పెట్టెలు కదా."

ముడక్క తెల్లబోయింది. ఆవిడ ముప్ఫై గంటల లెక్కలో ఈ గేటు లేదు, ఈ టార్పాలిన్ లేదు. ముడి బాగుంటే చాలు, చేప బతుకుతుందనుకుంది. ఇరవై రెండేళ్ళుగా సున్నా అని వస్తున్న అంకె తన ఒక్కదాని గొప్పే అనుకుని ఛాతీ విరుచుకుని తిరిగింది. దాంట్లో సగం ఎండలో కూర్చున్నవాళ్ళదని ఎవరు చెప్పారు కనక?

సాయంత్రం పడవ దాటి చెల్లెలి షెడ్డుకి చేరారు. మా షెడ్డు లాంటిదే. అవే పంపులు, అదే వాసన. లైట్లు తగ్గించారు, చీకట్లోంచి వచ్చిన చేప ఒక్కసారిగా వెలుతురు చూస్తే బెదురుతుంది. ముందు ముడక్క లెక్కన కట్టిన పెట్టెలు విప్పారు. పద్దెనిమిది పెట్టెల్లో చనిపోయినవి రెండు. తర్వాత ఆ రెండు పెట్టెల మూతలు తీశారు. మూత తీస్తూనే ఘాటు వాసన కొట్టింది. సంచులు మెత్తబడి ఉన్నాయి. చెల్లెలు ఒక్కొక్కటీ వెలుతురుకి పట్టి లెక్కపెట్టింది. నాలుగువందల గప్పీల్లో చనిపోయినవి నూట తొంభై ఎనిమిది. ముడక్క రెండు వందలనుకుంది. చెల్లెలు నీళ్ళలో వేలు పెట్టి రెండింటిని కదిపింది, అవి తోక ఆడించాయి. "నూట తొంభై ఎనిమిదే" అని మూత మీద అదే రాసింది. తన లెక్క తప్పు కాదని ముడక్క ఎక్కడో గర్వపడాల్సిన సమయం. పడలేదట. ఆ చేపల్ని చూస్తూ కూర్చుంది.

ఆ పూట ఇద్దరూ మాట్లాడుకున్నదంతా చేపల గురించే. అమ్మ మాట ఎవరూ ఎత్తలేదు.

పొద్దున చెల్లెలు టీ పెడుతుంటే ముడక్క షెడ్డులో అటూ ఇటూ తిరిగింది. ఊరికే కూర్చోవడం ఆవిడకి చేతకాదు. బల్లల వెనక దుమ్ము పట్టిన థర్మాకోల్ మూత ఒకటి గోడకి చేరేసి ఉంది. మీద తన చేతిరాతే. ముడి 7.00. దాని కింద చెల్లెలి రాత, విప్పింది 1.20. పదకొండు. ఏ రోజుదో చెప్పడానికి తారీఖు చూడక్కర్లేదు. దీన్ని ఎందుకు దాచిందా అని తీసి, తుడుద్దామని వెనక్కి తిప్పింది. వెనకవైపు కూడా రాసి ఉంది.

ఆ మూత ఇప్పుడు మా షెడ్డు గోడ మీదే ఉంది. అందుకని ఏముందో నేనే చూసి చెప్పగలను. టైములు రాసుకోవడం అలవాటైపోయిన మనిషి రాసిన టైములు అవి.

'12.40 అక్క ఫోను. 1.10 ఆఫీసు. పాస్‌పోర్టు మా కంపెనీ యజమాని బీరువాలో. ఆయన లేరు. 3.05 వచ్చారు. 3.30 పడవ. 4.55 టికెట్ కౌంటర్. మూసేశారు, పది నిమిషాలు లేటు. 5.30 విమానం లేచింది. గేటు బయటి నుంచి చూశాను. మళ్ళీ విమానం ఎల్లుండి. 6.15 ఇంకో ఊరికి బస్సు. రాత్రి 1.10 ఆ ఊరి విమానాశ్రయం. 4.30 కౌంటర్ తీశారు. సీటు ఉంది, కానీ చేరేసరికి మధ్యాహ్నం. అమ్మ తొమ్మిదికే. 5.15 వెనక్కి బస్సు. 12.20 పడవ. 1.00 షెడ్డు. పెట్టెలు అలాగే ఉన్నాయి. 1.20.'

ముడక్క దాన్ని నిలబడే చదివింది. తర్వాత కూర్చుని చదివింది. చెల్లెలు రెండు గ్లాసులతో వచ్చి, చేతిలో మూత చూసి ఆగిపోయింది.

"ఎందుకు చెప్పలేదే?" అంది ముడక్క.

"ఏమని చెప్పను? రాలేదు కదా. ఎన్ని చెప్పినా రాలేదనేగా తేలేది. సాకులు చెప్పినట్టుంటుందని ఊరుకున్నా." గ్లాసు అక్క చేతికిచ్చింది. "నువ్వు పదకొండు ఎందుకని అడిగావు. అప్పుడు చెబుదామనుకున్నా. మూత మీద చోటు సరిపోలేదు."

నాకు ఇది చెబుతున్నప్పుడు ముడక్క టేపు వేయడం ఆపేసింది. "ఆ చిన్న యజమానికి నేనేం చెప్పాను తమ్ముడూ? విమానం టైము విమానానిది, చేప టైము చేపది. ప్రతి గప్పీకీ తూకం ఎంత, పడవ ఎంత, డాక్టరు ముద్ర ఎంత అని నిమిషాలతో సహా లెక్క కట్టానా? నా తోడబుట్టినదానికి మాత్రం విమానం టైమే కట్టాను. దానికి పడవ లేదనుకున్నానా? దాని పాస్‌పోర్టుకి బీరువా ఉండదనుకున్నానా? తొమ్మిదేళ్ళు. చేపకున్న పాటి విలువ దానికివ్వలేదు."

నాకూ సిగ్గుగానే ఉంది. రెండు గంటల ఇరవై నిమిషాలని పద్నాలుగేళ్ళుగా కాగితం మీద రాసింది నేనే. ఆవిడ చెల్లెల్ని తిడుతుంటే న్యాయమేనని తలాడించిందీ నేనే.

తిరుగు ప్రయాణంలో ఆ మూతని ఆవిడ ఎవరికీ ఇవ్వలేదు. విమానాశ్రయంలో తనిఖీ అమ్మాయి ఇదేమిటని అడిగితే, "మా చెల్లెలి ఉత్తరం" అందట. అమ్మాయి అటు తిప్పి, ఇటు తిప్పి, మిషన్‌లో రెండుసార్లు పంపి ఇచ్చేసింది. ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే ఈసారి రెండు గంటల ఇరవై నిమిషాలూ గడవలేదట.

షెడ్డుకి రాగానే చిన్న యజమాని ఎదురొచ్చాడు. "ఎన్ని పోయాయక్కా?"

"నూట తొంభై ఎనిమిది. నేను రెండొందలనుకున్నా. అది రెండు బతికే ఉన్నాయని తేల్చింది."

ఆయన తల గోక్కున్నాడు. మర్నాడు ఆయన ప్రింటు కాగితం చెత్తబుట్టలో కనబడింది. ముడక్క దాన్ని తీసి, చేత్తో సాపుచేసి, గోడకి అంటించి, దాని కిందే మూతని మేకుకి తగిలించింది, వెనకవైపు బయటికి కనబడేలా. కొత్తగా చేరినవాళ్ళకి ముడి నేర్పే ముందు ఆ రెండూ చదివిస్తుంది. నేను నా గడిలో ఇప్పుడు పదమూడున్నర గంటలు అని రాస్తున్నాను. గోదాములో గుమాస్తా రెండుసార్లు వెనక్కి పంపాడు. మూడోసారి విసుగొచ్చి తీసుకున్నాడు.

ఆవిడ తిరిగొచ్చాక వెళ్ళిన మొదటి సరుకు రోజున నేను పక్కనే ఉన్నాను. అన్ని ముడులూ వేసింది. అన్నిటినీ మీటి చూసింది. రెండో గడియారం చూసి మూత మీద 'ముడి 7.00' అని రాసింది. మార్కరు మూత పెట్టబోయి ఆగింది. మళ్ళీ వంగి, కింద ఇంకో ముక్క రాసింది.

'భోంచేసి విప్పు.'

ముప్ఫై గంటలకి గాలి కట్టే మనిషి, ఒక్క నిమిషం ఆలస్యమైతే మూడు రోజులు సణిగే మనిషి రాసిన మాట అది. నేను చదివి, చదవనట్టు కాగితాలు సర్దుకున్నాను.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళకుండా ఇద్దరం షెడ్డులోనే ఉన్నాం. ఎప్పుడూ ఏడున్నరకి వచ్చే ఫోటో రాలేదు. ఏడూ ముప్పావు అయింది. ఎనిమిదయింది. ముడక్క బల్లలు తుడిచినవే తుడుస్తోంది. ఎనిమిదీ పదికి నా ఫోను మోగింది. మూత ఫోటో. ముడి 7.00. విప్పింది 9.10. చనిపోయినవి మూడు.

ముడక్క కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. మూడు అన్న అంకె చూసి ఏమంటుందోనని నేను ఆవిడ మొహం వంక చూశాను.

"నలభై నిమిషాలు లేటు" అంది. ఫోను నాకిచ్చేసి, లైట్లు ఆర్పడానికి లేచింది. "అంటే కడుపునిండానే తిందన్నమాట."